తాతగారి తుపాకీ కర్రకు పగుళ్లు: జిగురు పోసే ముందు

ప్రశ్న: మా స్వగ్రామం కోనసీమలో ఉంది. తాతగారి జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకీ, నాన్నగారి తర్వాత నాకు వచ్చింది. లైసెన్సు నా పేరుకు మారింది, హైదరాబాదు చిరునామా కూడా అందులో ఎక్కింది. వెలుపలికి రెండు సుత్తులు కనిపించే పాత బెల్జియం తుపాకీ అది. ఇక్కడికి తెచ్చిన ఏడాదికే కర్ర పగిలింది. ఒక పగులు చేత్తో పట్టుకునే సన్నని మెడ మీద, పైనున్న ఇనుప తోక (ఇనుప భాగం నుంచి కర్ర మీదికి వెనక్కి సాగే సన్నని పట్టీ) చివర నుంచి వెనక్కి రెండు అంగుళాలు పాకింది. రెండోది కుడిపక్క ఇనుప పలక వెనక ఉంది. మెడకు తాతగారి కాలంలోనే రాగి తీగ చుట్టారు, దాని కింద ఏముందో ఎవరికీ తెలియదు. గొట్టాల కిందుండే ముందుకర్ర అంచు కూడా చిట్లింది. మా వడ్రంగి ఫెవికాల్ పోసి, రెండు మరమేకులు దిగ్గొట్టి, ఇత్తడి రేకు కడితే నూరేళ్లు ఉంటుందంటున్నాడు. చేయించమంటారా? ఆ తర్వాత పేల్చవచ్చా? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

సమాధానం: మీ వడ్రంగిని ఒక నెల ఆగమనండి. ఆయన చెప్పిన వైద్యం తలుపు చట్రానికో, మంచం కోడుకో అయితే సరిపోతుంది. వాటి మీద బరువు మెల్లగా పడుతుంది. తుపాకీ కర్ర మీద పడేది సమ్మెట దెబ్బ. ముప్పై గ్రాముల సీసపు రవ్వలు ముందుకు దూసుకుపోయినప్పుడు, మూడు కిలోల తుపాకీ అంతే ఊపుతో వెనక్కి తంతుంది. ఆ తన్ను ఇనుము నుంచి భుజానికి చేరే దారిలో కర్ర అన్నిటికంటే సన్నగా ఉండే చోటు మెడ. అక్కడ మరమేకు దిగ్గొడితే అది పోగుల మధ్య నిలబడి, ప్రతి దెబ్బకూ పగులును ఇంకాస్త తెరుస్తుంది. ఇత్తడి రేకు ఆ సంగతి మీ కంటపడకుండా కాపాడుతుంది.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ‘తోక చివర నుంచి’ అన్నది. పగులు ఎక్కడ మొదలైందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. తుపాకీ కర్ర తల భాగంలో, ఇనుము వచ్చి ఆనుకునే చదునైన గోడలు ఉంటాయి. తన్ను మొత్తం ఆ గోడల మీదే పడాలి. తోక చివర మాత్రం కర్రను తాకకూడదు, వెనక వెంట్రుక వాసి ఖాళీ ఉండాలి. పాత పనివాళ్లు ఆ ఖాళీ వదిలే చేసేవారు. కాలం గడిచేకొద్దీ ఆ గోడలు నలిగి ఇనుము వెనక్కి జరుగుతుంది, ఖాళీ మూసుకుపోతుంది. అప్పుడు తోక కట్టెలు చీల్చే చీలలా పనిచేస్తుంది. పేల్చిన ప్రతిసారీ మెడను పోగు వెంట చీలుస్తుంది. కుడి పలక వెనక పగులు కథ కూడా ఇదే. పలక వెనక అంచు కర్రకు తగులుతోందన్న మాట.

మరి గోడలు ఎందుకు నలిగాయి? నూటికి తొంభై ఇళ్లలో నేరస్థురాలు నూనె. తుపాకీని జాగ్రత్తగా చూసుకునేవాళ్ల ఇళ్లలోనే ఈ జబ్బు ఎక్కువ. శుభ్రం చేసి, నూనె ధారాళంగా పెట్టి, గొట్టాలు పైకి ఉండేలా బీరువా మూలన ఆనిస్తారు. నూనె ఏడాదికి ఏడాది కిందికి జారి, సరిగ్గా కర్ర తల దగ్గర ఆగుతుంది. అక్కడ కర్రను అడ్డంగా కోసిన ముఖం ఉంటుంది. పోగుల గొట్టాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఎంత పోస్తే అంత తాగుతుంది. నలభై ఏళ్లు నూనె తాగిన అక్రోటు కర్ర నల్లబడి, మెత్తబడి, గోరు దిగేంత బలహీనమవుతుంది. ఇక జిగురు సంగతి చెప్పనక్కరలేదు. నూనె ఉన్నచోట ఫెవికాల్ అంటదు, ఖరీదైన జిగురూ అంటదు.

దీనికి మీ ఊరు మారడం తోడైంది. కోనసీమ తేమలో దశాబ్దాలు ఉన్న కర్ర హైదరాబాదు పొడిగాలికి, అందులోనూ ఏసీ గదికి వస్తే అడ్డంగా కుంచించుకుపోతుంది. ఇనుము కుంచించుకోదు. అప్పటికే లోపల దాగిన చీలిక అప్పుడు బయటపడింది. ఊరు మారినందుకే పగిలిందని మీరు బాధపడవలసిన పని లేదు. పగులు పాతది, కనబడటం కొత్తది.

పనిలోకి దిగే ముందు చట్టం గురించి రెండు మాటలు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగు చేయడానికి లైసెన్సు ఉండాలి. ఆ చట్టంలో ‘ఆయుధం’ అంటే దాని భాగాలు కూడా. కాబట్టి కర్రను విప్పి సంచిలో వేసుకుని వడ్రంగి కొట్లో వదిలిరావడం మంచిది కాదు. పూర్తి తుపాకీని అలా ఇస్తే నేరుగా నేరమే. లైసెన్సున్న మరమ్మతు దుకాణానికి వెళ్లండి, రసీదు తీసుకోండి. వడ్రంగి చేతి పని మీద మీకు అంత నమ్మకముంటే ఆయన్నే ఆ దుకాణానికి తీసుకెళ్లి, యజమాని సమక్షంలో చేయించండి. ఇంతా చెప్పి మళ్లీ పని వివరాలు ఎందుకు రాస్తున్నానంటే, తుపాకీ మరమ్మతు చేసేవారిలో ఇనుము తెలిసినంతగా కర్ర తెలిసినవారు తక్కువ. ఏది అడిగి చేయించుకోవాలో, ఏది వద్దనాలో మీకు తెలిసి ఉండాలి. ఇంట్లోంచి బయటికి తీసే ముందు రెండు గొట్టాలూ తెరిచి, ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూడండి. పేల్చి ముప్పై ఏళ్లయిన తుపాకీలో కూడా తూటా కనిపించిన సందర్భాలున్నాయి.

ఇనుమును కర్ర నుంచి విడదీయడం మీరు ఇంట్లో చేయవద్దు. ఆ పాత మరమేకుల తలల్లో గాడి చాలా సన్నగా ఉంటుంది. బజారు స్క్రూడ్రైవర్ పెడితే గాడి చెడిపోతుంది, జారితే కర్ర మీద గీత పడుతుంది. తెలిసినవాడు స్క్రూడ్రైవర్ మొనను ఆ గాడికి సరిపోయేలా అరగదీసుకుంటాడు. ఒక మరమేకు స్థానంలో ఇంకొకటి పట్టదు, అన్నీ విడివిడిగా చేత్తో చేసినవి. అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి, ఒక్కో మరమేకును దాని చోటే గుచ్చి పెడుతున్నాడో లేదో గమనించండి. అలా చేసేవాడైతే మిగతా పని మీద కూడా నమ్మకం పెట్టుకోవచ్చు.

రాగి తీగ తీయక తప్పదు. దాని కింద మూడు రకాలు ఉండవచ్చు. ఏమీ లేకపోవడం ఒకటి. పగిలిన మెడను బిగించి కట్టడం రెండోది. మూడోది నన్ను భయపెట్టేది: మెడ పూర్తిగా విరిగి, రెండు ముక్కలను తీగ ఒక్కటే పట్టి ఉంచడం. రెండు ముక్కలై ఉంటే అతికించి గోడకు తగిలించుకోండి. పేల్చాలంటే కొత్త కర్ర చేయించాలి. ఈ ఒక్క విషయంలో నేను బేరమాడను. తీగ తీసే ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. తీగను కత్తిరించకుండా చుట్టు విప్పి దాచండి, దాని సంగతి చివర చెబుతాను.

ఇప్పుడు అసలు పని, నూనె లాగడం. ఓపిక పట్టలేక అందరూ దాటేసేది ఇదే. మెత్తని సుద్దపొడిని అసిటోన్‌తో కలిపి దోసెపిండిలా చేసి, కర్ర తల లోపలి భాగాలకు, పగులు చుట్టూ మందంగా పట్టించాలి. సుద్ద లేకపోతే ముల్తానీ మట్టి కూడా పనిచేస్తుంది. అసిటోన్ లోపలికి వెళ్లి నూనెను కరిగిస్తుంది, ఆరుతూ బయటికి వచ్చేటప్పుడు దాన్ని వెంట తెస్తుంది. తెల్లటి పొడి పసుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. పొడిని బ్రష్షుతో దులిపి మళ్లీ పట్టించాలి. మొదటిరోజు వచ్చే రంగు చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. అసిటోన్ ఆవిరి సులువుగా అంటుకుంటుంది, కాబట్టి ఆరుబయట, పొయ్యికీ దీపానికీ బీడీకీ దూరంగా చేయాలి. బయటివైపు మెరుగు మీద పడితే అది లేచిపోతుంది, లోపలికే పరిమితం చేయాలి.

ఎన్నిసార్లు అని అడుగుతారు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద కర్రను ప్రతిసారీ తూచి రాసుకోమనండి. పొడి దులిపి, బాగా ఆరాక తూచాలి. రెండు మూడు సార్లు వరుసగా బరువు తగ్గకపోతే ఇక నూనె లేదన్నట్టే. కొన్ని కర్రలకు ఐదారు పూతలు చాలు, కొన్నింటికి మూడు వారాలు పడుతుంది. తొందరపడి పొయ్యి మీద కాచేవాళ్లూ ఉన్నారు. దానివల్ల నూనె కంటే ముందు కర్ర ఎండి, పగులు రెట్టింపవుతుంది. నీడలో గాలికి ఆరితే చాలు.

నూనె పోయాక జిగురు లేకుండా ఒకసారి బిగించి చూడాలి. మెడ చుట్టూ పాత సైకిలు ట్యూబును అంగుళం వెడల్పు పట్టీగా కోసి లాగి చుడితే ఏ క్లాంపూ ఇవ్వనంత సమానమైన ఒత్తిడి వస్తుంది. వంపులున్న కర్రకు ఇదే మేలు. ఆ బిగింపులో పగులు పూర్తిగా మూసుకుంటోందా? మూసుకోకపోతే లోపల పాత జిగురో, మురికో, విరిగిన పోగు ముక్కో అడ్డం ఉంది. దాన్ని తీయకుండా బలవంతంగా నొక్కితే కొత్త చీలిక పుడుతుంది. పగులు మూసిన స్థితిలో ఇనుము దాని గూట్లో సరిగ్గా కూర్చుంటోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

జిగురు విషయంలో నా ఓటు నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్‌కు, రెండు ట్యూబులు సమపాళ్లలో కలిపేదానికి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, అది పగులు అడుగుకు చేరేలోపే బిగుసుకుంటుంది. ట్యూబులను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి కలిపితే జిగురు పల్చబడి లోపలికి పారుతుంది. వేడి వల్ల త్వరగా బిగుసుకుంటుంది కూడా, కాబట్టి కొద్దికొద్దిగా కలపాలి. పగులును సన్నని వెదురు చీలతో కొంచెం తెరిచి పట్టుకుని, పైనుంచి జిగురు పెట్టి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ లోపలికి దింపాలి. అవతలి వైపు నుంచి జిగురు చుక్క బయటికి వస్తే అడుగుదాకా చేరిందని గుర్తు. అప్పుడు చీల తీసి, ట్యూబు పట్టీ చుట్టాలి. బయటికి పొంగినదాన్ని తడిగా ఉన్నప్పుడే తుడిచేయాలి. పట్టీ కింద ప్లాస్టిక్ కాగితం పెట్టకపోతే ట్యూబు కూడా శాశ్వతంగా కర్రలో భాగమైపోతుంది. ఇది అనుభవంతో చెబుతున్న మాట, ఎవరి అనుభవమో అడగవద్దు. కనీసం ఒక పూర్తి రోజు కదపకూడదు. దారం కూడా దూరని వెంట్రుక బీటలుంటే వాటికి మాత్రం ఫెవిక్విక్‌లాంటి నీళ్లగా ఉండే జిగురు మేలు, తనంతట తానే లోపలికి పీల్చుకుంటుంది.

పలక వెనక పగులుకు జిగురుతోపాటు లోపల కట్టు కూడా కావాలి. మీ వడ్రంగి మరమేకు ఆలోచనలో సగం న్యాయం ఉన్నది ఇక్కడే. తేడా ఏమిటంటే, దిగ్గొట్టకూడదు. పలక తీసినప్పుడు కనిపించే గూడు లోపలి నుంచి, పగులును అడ్డంగా దాటేలా మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేత్తో తొలిచి, మర చెక్కిన ఇత్తడి కడ్డీ ముక్కనో, చేవ ఉన్న వెదురు పుల్లనో జిగురుతో కూర్చాలి. పలక మళ్లీ బిగిస్తే అది కనబడదు. రంధ్రం ఎంత లోతో ముందే డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోకపోతే అవతలి పక్క బయటపడుతుంది.

అతుకు ఆరాక నలిగిన గోడలను తిరిగి కట్టాలి. అదే జిగురులో మెత్తని రంపపు పొట్టు కలిపి ఆ గోడలకు పలుచగా పూసి, ఇనుమును దాని చోట కూర్చోబెట్టాలి. ఇనుముకు ముందుగా మైనం రెండు పూతలు పట్టించి ఉండాలి, ఒక్క మరమేకు రంధ్రం కూడా వదలకూడదు. మైనం మరిచిపోతే తుపాకీ, కర్ర విడదీయలేని దంపతులవుతాయి. గట్టిపడ్డాక ఇనుము తీసి, తోక చివర వెనక, పలకల వెనక అంచుల దగ్గర విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉలితో తీయించండి. దుకాణంలో మీరు పట్టుబట్టవలసింది ఏదైనా ఉంటే అది ఈ ఖాళీ. అది లేకుండా ఎంత గొప్ప అతుకు వేసినా పేల్చిన కొన్నాళ్లకే అదే చోట మళ్లీ చీలుతుంది.

ముందుకర్ర అంచు చిట్లడం చిన్న విషయం. ఊడిన పెచ్చు దొరికితే అదే అతికించండి. దొరకకపోతే పోగు దిశ కలిసే అక్రోటు ముక్క పెట్టించండి. టేకు పెట్టవద్దు, రంగు ఎంత కలిపినా పక్కపక్కన తేలిపోతుంది.

తర్వాత మెరుగు. ‘కొత్తదానిలా చేసి ఇస్తాం’ అని గరుకు కాగితం చేతిలోకి తీసుకుంటారు. అక్కడ ఆపండి. కర్ర అంచు ఇనుముతో సమానంగా ఉండేలా మొదటి పనివాడు తీర్చాడు. గరుకు కాగితం రుద్దితే కర్ర ఇనుము కంటే దిగువకు పోతుంది, ఇక దాన్ని పైకి తేలేరు. మెడ మీద గళ్లగళ్లుగా చెక్కిన పని ఉంటే అది కూడా అరిగిపోతుంది. సొట్టలుంటే తడి గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె మొన ఆనిస్తే ఆవిరికి పోగులు ఉబ్బి లేస్తాయి. ఎన్నికల సమయాల్లో పోలీసుల దగ్గర డిపాజిట్ చేసి తెచ్చుకున్న తుపాకీలకు ఇలాంటి సొట్టలు తప్పవు, ఒకదాని మీద ఒకటి పడేసి ఉంచుతారు మరి. ఆ తర్వాత ఉడికించిన అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, ఒకరోజు ఆరనిచ్చి, మళ్లీ రుద్దడం. పది పన్నెండు రోజుల్లో లోపలి నుంచి వెలుగు వస్తుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరేసి పారేయాలి.

పేల్చవచ్చా అన్న మీ ప్రశ్నకు కర్ర ఒక్కటే జవాబు చెప్పలేదు. గొట్టాల అడుగున అండాకారపు గీతలో ఈ, ఎల్, జి అక్షరాలున్నాయేమో చూడండి. అది బెల్జియంలోని లీయేజ్ నగర పరీక్షాలయం ముద్ర. దాని మీద చిన్న కిరీటం ఉంటే 1893లోనో, ఆ తర్వాతో పరీక్షించినది. గొట్టాల మీద అలల్లాగా, చాపనేతలాగా గీతలు కనిపిస్తే అవి ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, కాచి అతికిన డమాస్కస్ గొట్టాలు. వాటిలో చాలావరకు పాత నల్ల తుపాకీమందు కాలానికి చేసినవి, ఇప్పటి పొగరాని మందు ఒత్తిడికి కాదు. ఇంకో చిక్కు తూటా గది పొడవు. ఆ కాలపు తుపాకీల్లో చాలా వాటికి 65 మిల్లీమీటర్ల గది ఉంటుంది. ఇప్పుడు దొరికే తూటా మామూలుగా 70 మిల్లీమీటర్లది. ముడుచుకుని ఉండగా అది లోపల పట్టేస్తుంది, పేలాక మూతి విప్పుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరిగిపోతుంది. తూటా పట్టింది కదా అని పేల్చవద్దు. గది పొడవు, గొట్టాల మందం, లోపలి తుప్పు గుంటలు, గొట్టాలు మూసుకునే చోట వదులు, ఇవన్నీ కొలిచి చెప్పగలిగినవాడు సరేనంటేనే. నా అంచనా అడిగితే, మీరు రాసిన వివరాలను బట్టి ఇది ఇక పేల్చే తుపాకీ కాదు. అయినా కర్రను పేల్చే తుపాకీకి చేసినట్టే చేయించండి. రేపు ఎవరైనా పేల్చబోతే మొదట గుచ్చుకునేది విరిగిన మెడే.

ఇంటికి తెచ్చాక గొట్టాలకు నూనె బొట్టు రెండు బొట్లు చాలు. పెట్టిన రాత్రి దుకాణంవారు నేర్పిన పద్ధతిలో గొట్టాలు కిందికి ఉండేలా వార్తాపత్రిక మీద నిలబెట్టండి. పొద్దున కాగితం మీద పడిన మరక చూడండి. అన్నేళ్లుగా కర్ర తల తాగినది అదే.

ఇక తాతగారి రాగి తీగ. మెడ గట్టిగా అతికితే దానితో పని లేదు. అయినా మీరు పడుతున్న మొహమాటం ఉత్తరంలోనే కనిపించింది. తీగ కింద కర్ర రంగు నల్లబడకుండా లేతగా, వరసలు వరసలుగా అచ్చు పడి ఉంటుంది. మెరుగు పెట్టేటప్పుడు ఆ అచ్చు చెరపవద్దని చెప్పండి. తర్వాత ఫొటోలు చూసుకుంటూ అదే తీగను అవే వరసల్లో తిరిగి చుట్టుకోవచ్చు. వదులుగానే చుట్టండి, పట్టి ఉంచవలసిన బరువు ఇప్పుడు దాని మీద లేదు.